హవల్దార్ గారి స్టూలు: సైన్యం నుంచి ఆసుపత్రి పరిచర్యకు వచ్చిన ఒకరి కేస్ స్టడీ

హన్మకొండలోని ఒక మిషన్ ఆసుపత్రిలో 19 ఏళ్లుగా రోగులకు ఆత్మీయ తోడుగా ఉండే పాస్టరుగా, అంటే చాప్లిన్‌గా పనిచేస్తున్నాను. రోగుల మంచాల పక్కన కూర్చోవడం, ఆ పని నేర్చుకోవాలని వచ్చినవారికి నేర్పడం, ఇవే నా రోజులు. పరిచర్యలోకి రావాలనుకున్న మాజీ సైనికులు ఇప్పటివరకు ఏడుగురు నా దగ్గరకు వచ్చారు. నలుగురు మధ్యలోనే వెళ్లిపోయారు. వాళ్లకు ఓపిక లేదని, సైన్యంలో గట్టిపడిన మనసు వార్డుకు పనికిరాదని చాలాకాలం అనుకున్నాను. అది తప్పు. ఆ తప్పు నాకు తెలిసివచ్చింది ఆరో వ్యక్తి వల్ల. ఈ కేసు ఆయనది.

ఆయన దీన్ని చదివి, రెండుచోట్ల దిద్ది, సరేనన్నాకే బయటపెడుతున్నాను. ఊళ్లు, కొన్ని వివరాలు మార్చాను. వార్డులో అందరూ ఆయనను హవల్దార్ గారు అంటారు. నేనూ అలాగే అంటాను.

పరకాల వైపు ఒక పల్లె ఆయనది. తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. తండ్రి కూలిపనికి వెళ్తూనే ఆదివారాలు మందిరంలో గంట కొట్టేవాడు. ఇంటర్ పూర్తయ్యాక 19వ ఏట సైన్యంలో చేరారు. మద్రాస్ రెజిమెంట్, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ. కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌తో రెండు విడతలు పనిచేశారు. హవల్దార్‌కు ఉండే 24 ఏళ్ల సర్వీసు నిండగానే 43వ ఏట ఇంటికి వచ్చారు.

మొదటిరోజు నా గదిలోకి ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. అందులో డిశ్చార్జి బుక్కు, పెన్షన్ పత్రం నకలు, బాప్తిస్మం సర్టిఫికెట్, సంఘ కాపరి (చర్చి పాస్టరు) ఇచ్చిన ఉత్తరం వరుసగా అమర్చి ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“అయ్యగారూ, నాకు పిలుపు ఉంది. ఎక్కడ రిపోర్ట్ చేయాలి?”

ఆ ప్రశ్నకు నేను అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన తన మనసంతా ఆ ఒక్క మాటలో చెప్పారు. పిలుపు ఉంటే దానికొక చోటు ఉంటుంది, ఒక అధికారి ఉంటాడు, ఒక పని ఉంటుంది, అది పూర్తయిందని చెప్పే రోజు ఉంటుంది. 24 ఏళ్లు ఆయన అలాగే బతికారు. వార్డులో ఈ నాలుగింటిలో చివరిది ఉండదు. నేను ఆయనకు ముందుగా చెప్పాల్సింది అదే.

సైన్యంలోనే పాద్రీగా ఎందుకు వెళ్లకూడదని ఆయన మొదట ఆలోచించారు. సినిమాల వల్ల మన సంఘాల్లో చాలామందికి చాప్లిన్ అంటే భుజాన నక్షత్రాలున్న అధికారి గుర్తుకొస్తాడు. బ్రిటిష్ సైన్యంలో 1796 నుంచి చాప్లిన్ల విభాగం ఉంది, వాళ్లు అధికారి హోదాలోనే ఉంటారు. మన సైన్యం పద్ధతి వేరు. పండిత్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు, వీళ్లందరినీ రిలీజియస్ టీచర్లుగా అధికారుల కన్నా కింద ఉండే నాయబ్ సుబేదార్ హోదాలో తీసుకుంటారు. డిగ్రీ ఉండాలి. పాద్రీ అయితే అప్పటికే అభిషేకం (గురువుగా నియమించే సంస్కారం) పొంది, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో పేరుండాలి. హవల్దార్ గారికి డిగ్రీ లేదు, అభిషేకం లేదు, వయసు దాటింది. 15 ఏళ్ల సర్వీసు చేసినవారికి సైన్యం డిగ్రీతో సమానమని ఒక సర్టిఫికెట్ ఇస్తుంది గానీ అది గ్రూప్ సి ఉద్యోగాల కోసం ఉద్దేశించినది. ఆ తలుపు మూసే ఉందని తెలిసినప్పుడు ఆయన ముఖంలో బాధ కనబడలేదు. “సరే అయ్యగారూ, రెండో దారి చెప్పండి” అన్నారు.

సైన్యం నుంచి సంఘానికి నడిచిన దారి తెలంగాణకు కొత్తది కాదని ఆయనకు చెప్పాను. మెదక్ మహాదేవాలయం (మెదక్ చర్చి) కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ చేరినప్పుడు ఆయన మొదటి పని తిరుమలగిరిలో బ్రిటిష్ సిపాయిల మధ్యనే. మరుసటి ఏడాదే మెదక్ పల్లెకు వెళ్లిపోయారు. ఆ ఆలయ ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. అసలు చాప్లిన్ అనే మాట పుట్టిందే ఒక సిపాయి దుప్పటి నుంచి. రోమన్ సైన్యంలో ఉన్న మార్టిన్ చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో సగం కోసి ఇచ్చాడని కథ. మిగిలిన సగాన్ని తరువాతి రోజుల్లో రాజులు పవిత్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో ఆ చిన్న అంగీకి ఉన్న పేరే దాన్ని కాపాడే గురువులకు వచ్చింది, అదే చాప్లిన్ అయింది. ఇది విని హవల్దార్ గారు “మరి చలికాలంలో ఆయన సగం అంగీతో డ్యూటీ ఎలా చేశారు?” అని అడిగారు. ఆ ప్రశ్న నాకు అప్పటివరకు రాలేదు. చలిలో కాపలా కాసినవాడికే అది తడుతుంది.

వార్డులో మొదటి నెల

ఆయన వార్డులోకి అడుగుపెడితే రోగులు లేచి కూర్చునేవాళ్లు. నిన్న ఆపరేషన్ అయినవాళ్లు కూడా. ఆరడుగుల మనిషి, పాలిష్ చేసిన తోలు బూట్లు, మంచం కాళ్ల దగ్గర నిటారుగా నిలబడి పేరు, ఊరు, జబ్బు, ఎన్నో రోజు అని వరుసగా అడిగేవారు. నర్సులు కూడా సర్దుకునేవాళ్లు. అందరినీ పలకరించడం నలభై నిమిషాల్లో అయిపోయేది. నోటు పుస్తకంలో గీతలు గీసి సమయాలు రాసేవారు: “1430 గంటలు, బెడ్ 6, ప్రార్థన చేశాను, పూర్తి.”

ఆ పుస్తకం చూసి అడిగాను. “ఏది పూర్తయింది హవల్దార్ గారూ?”

ఆయన పుస్తకం వైపు చాలాసేపు చూసి “తెలియదు అయ్యగారూ” అన్నారు.

అప్పుడు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ పని చేసివుంటే ఐదో వ్యక్తిని పంపినట్టే ఈయననూ పంపేవాడిని. రెండే చెప్పాను. బూట్లు మార్చండి. రోగి కన్నా మీ కళ్లు కిందుగా ఉండేలా కూర్చోండి. మరునాడు ఆయన రబ్బరు చెప్పులతో వచ్చారు. ఆసుపత్రి స్టోరు వెనక విరిగిన సామాను కుప్పలోంచి ఒక చెక్క స్టూలు తీసి, ఊగుతున్న కాలికి తానే మేకు కొట్టి, కిందికి తెచ్చేందుకు నాలుగు కాళ్లనూ రంపంతో సమానంగా కోశారు. దాన్ని చంకలో పెట్టుకుని మంచం మంచానికీ తిరగడం మొదలుపెట్టారు. ఆ స్టూలు మీద కూర్చుంటే ఆయన గడ్డం మంచం పట్టె ఎత్తుకు వస్తుంది. రోగులు లేచి కూర్చోవడం మానేశారు. వారం తిరగకముందే ఒక ముసలాయన పడుకునే ఆయన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతుండటం చూశాను.

మాజీ సైనికుడికి క్రమశిక్షణ మరిచిపోవడం నేర్పాలని చాలామంది అంటారు. నా అనుభవం అది కాదు. ఆ క్రమశిక్షణలో చాలాభాగం వార్డుకు బంగారం. రాత్రి రెండు గంటలకు ఐసీయూ బయట బెంచీ మీద నిద్రపోకుండా కూర్చోవడం సెమినరీ నుంచి వచ్చిన కుర్రవాళ్లకు చేతకాదు. సెంట్రీ డ్యూటీ చేసినవాడికి అది ఒంట్లో ఉంటుంది.

ఇంకొకటి ఉంది, అది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. మా వార్డుల్లో ఎక్కువమంది హిందువులు, తరువాత ముస్లింలు. సంఘంలోనే పుట్టి పెరిగిన యువ పాస్టర్లకు అడగకుండా ప్రార్థన మొదలుపెట్టకూడదని, రోగి మంచాన ఉన్నది మన మాట వినిపించే అవకాశం కాదని నేర్పడానికి నాకు ఏడాది పడుతుంది. హవల్దార్ గారికి అది ముందే వచ్చు. యూనిట్‌లో అన్ని మతాల ప్రార్థనా స్థలం, సర్వధర్మ స్థల్, ఒకే కప్పు కింద ఉండేది. దీపావళికీ, ఈద్‌కీ, గురుపర్వానికీ, క్రిస్మస్‌కీ అందరూ బూట్లు విప్పి ఒకే వరుసలో కూర్చునేవాళ్లు. ఒక ముస్లిం పెద్దాయన శస్త్రచికిత్సకు ముందు భయపడుతుంటే హవల్దార్ గారు వెళ్లి కింద టీ కొట్టు దగ్గరున్న ఆయన తమ్ముడిని పిలుచుకొచ్చి, ఇద్దరూ దువా చేసుకునేదాకా తలుపు దగ్గర కాపలా ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే చేశారు.

నేను చేసిన తప్పు

మూడో నెలలో ఆగస్టు వచ్చింది. ఒక సంఘం వాళ్లు 15వ తేదీ ఆరాధనలో ఆయన సాక్ష్యం (తన జీవితం, విశ్వాసం గురించి చెప్పడం) కావాలని అడిగారు. పతకాలు పెట్టుకుని రావాలన్నారు. యువకులకు ప్రేరణగా ఉంటుందన్నారు. ఆయనకు ఇష్టం లేదు. ఆ అయిష్టాన్ని నేను వినయం అనుకున్నాను. వెళ్లమన్నాను. సంఘాల్లో ఆయన పేరు తెలిస్తే రేపు అభిషేకానికి దారి సులువవుతుందన్న లెక్క కూడా నాలో ఉంది, దాచను.

ఆరాధనకు నేనూ వెళ్లాను. గోడకు పెద్ద బ్యానరు. యుద్ధవీరుడు ప్రభువు సైనికుడిగా మారాడని రాశారు. ఆయన మైకు ముందు నిలబడి చేరిన రోజు, శిక్షణ, మంచు గురించి చెప్పారు. కశ్మీర్ దగ్గరకు వచ్చేసరికి మాట ఆగింది. జనం చప్పట్లు కొట్టారు, ఉద్వేగంతో ఆగారనుకుని. ఆ చప్పట్ల మధ్యే ఆయన పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయారు. మూడు వారాలు ఆసుపత్రికి రాలేదు. ఫోను ఎత్తలేదు.

నాలుగో వారం ఒక సాయంత్రం వచ్చి, ఆసుపత్రి వెనక రోగుల బంధువులు వంట చేసుకునే షెడ్డులో కూర్చున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఒకామె కట్టెల పొయ్యి మీద అన్నం వండుతోంది. ఆయన పొగ వైపు చూస్తూ చెప్పారు.

రెండో విడత కశ్మీర్‌లో ఉండగా ఒక తెల్లవారుజామున ఆయన గస్తీకి వెళ్లాలి. జ్వరం. తన బదులు ఒక కుర్ర జవానును పంపారు. శ్రీకాకుళం వైపు పిల్లవాడు, తెలుగు మాట్లాడుకోవడానికి ఇద్దరే ఉండేవాళ్లు ఆ పోస్టులో. దారిలో మందుపాతర పేలింది. ఊరికి శవపేటికను తీసుకెళ్లే ఎస్కార్ట్ డ్యూటీ ఈయనకే వేశారు, భాష వచ్చినవాడని. శ్రీనగర్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి విశాఖపట్నం, ఆపైన లారీ. పేటిక మూత తీయకూడదని ఆదేశం. తల్లి ముఖం చూపించమని బతిమాలింది. చూపించలేదు. అప్పుడు ఆమె ఈయన చొక్కా పట్టుకుని అడిగింది, చివరికి ఏమన్నా అన్నాడా బాబూ అని.

“నేనక్కడ లేనే లేను అయ్యగారూ. బ్యారక్‌లో దుప్పటి కప్పుకుని ఉన్నాను. అయినా చెప్పాను. ‘అమ్మా’ అన్నాడని చెప్పాను.”

ఆ మాట చెప్పి ఆగలేదు. బైబిల్లోని దినవృత్తాంతాల మొదటి గ్రంథం 22వ అధ్యాయం ఎత్తారు. దావీదు రాజు చాలా రక్తం ఒలికించాడు గనుక మందిరం కట్టే పని అతనికి వద్దని దేవుడు అన్న చోటు. ఆ వచనం ఆయన తనంతట తానే కనుక్కున్నారు, ఎవరూ చూపలేదు. ఆయన భయం ప్రభువు బల్ల గురించి, ఆరాధనలో గురువు రొట్టె విరిచి పంచే చోటు అది. “దావీదుకే వద్దన్నాడు. నేను రేపు ప్రభువు బల్ల దగ్గర ఎలా నిలబడతాను? ఈ చేతులతో రొట్టె ఎలా విరుస్తాను?”

నేను వెంటనే క్షమాపణ గురించిన వచనాలు మొదలుపెట్టాను. నాలుగైదు వరుసగా చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నారు. ఆ ఊపడం నాకు బాగా తెలుసు. సిపాయి అధికారి ముందు ఊపే తల అది. నేను ఆగిపోయాను. పొయ్యి దగ్గర ఆమె అన్నం వార్చి వెళ్లిపోయేదాకా ఇద్దరం ఊరికే కూర్చున్నాం. బైబిల్లో కష్టాలపాలైన యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా నేల మీద కూర్చోవడం. నోరు తెరిచాకే చెడగొట్టారు.

ఇక్కడ పనివారికి ఉపయోగపడే ఒక తేడా చెప్పాలి. పేలుడు శబ్దానికి ఉలిక్కిపడటం, పీడకలలు, నిద్ర లేకపోవడం, ఇవి భయం మిగిల్చిన గాయాలు. వీటికి మానసిక వైద్యుడు కావాలి. ఆయనకు కలలు ఉన్నాయి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003 నుంచి ఉంది, పాలీక్లినిక్ నుంచి రెఫరల్ తీసుకుని సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లమన్నాను, మొదటిసారి నేనే వెంట వెళ్లాను. ప్రార్థన చాలదా అని ఆయన సంఘ పెద్ద ఒకరు నన్ను నిలదీశారు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వేసుకుంటూ ప్రార్థన చేసుకోవడం ఆయనకు తప్పనిపించనప్పుడు ఇది ఎందుకు తప్పనిపించిందో నాకు అర్థం కాలేదు.

రెండో గాయం వేరు. తాను సరైనదని నమ్మినదాన్ని తానే తప్పానన్న గాయం. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికన్ సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే దీన్ని నైతిక గాయం అన్నారు. దీనికి మాత్ర పనిచేయదు. తొందరపడి ఇచ్చే క్షమాపణ కూడా పనిచేయదు, ఎందుకంటే ఆ మనిషికి తాను చేసినదాన్ని ఎవరో ఒకరు పూర్తిగా వినాలి, తేలిక చేయకుండా వినాలి. నా దగ్గర నుంచి వెళ్లిపోయిన నలుగురిలో ఇద్దరు నాకు ఇలాంటిదే ఏదో చెప్పబోయారు. నేను వాళ్ల నోటికి వచనం అడ్డుపెట్టాను. అది గుర్తొచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరువాతి రెండు నెలలు ఆయనను ఏ వేదిక మీదకూ పంపలేదు. వారానికోసారి ఆ షెడ్డులోనే కూర్చునేవాళ్లం. దావీదు వచనానికి నా దగ్గర జవాబు లేదని చెప్పాను. ఇప్పటికీ లేదు. అయితే ఆయనకు ఇష్టమైన శతాధిపతి కథను, యేసు దగ్గరకు వచ్చిన రోమన్ సైనికాధికారి కథను, ఒకసారి కలిసి చదివాం. ఒకడిని పొమ్మంటే పోతాడు, రమ్మంటే వస్తాడు అనే అధికారం గురించిన భాగమే ఆయన ఎప్పుడూ చెప్పేవారు. ఈసారి ఆయనే ఇంకో సంగతి పట్టుకున్నారు. “ఈయన తన కోసం రాలేదు అయ్యగారూ. ఇంట్లో మంచాన పడ్డ పనివాడి కోసం వచ్చాడు.”

అక్టోబరు, మగవారి వార్డు

మా దగ్గర శిక్షణలో ప్రధానమైన పని సంభాషణ నివేదిక రాయడం. 1925లో అమెరికాలో యాంటన్ బోయిసెన్ అనే పాస్టరు మానసిక ఆసుపత్రిలో పాస్టరు చదువు చదివే విద్యార్థులకు ఇలాంటి శిక్షణ ప్రారంభించారు. ఆయన స్వయంగా అంతకుముందు మానసిక రోగిగా ఉండి వచ్చినవారు. పుస్తకాలు చదివినట్టే మనుషులనూ చదవాలన్నది ఆయన పట్టుదల. మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ శిక్షణ ఉంది, నేను అక్కడే నేర్చుకున్నాను. నియమం ఒక్కటే: ఏం చెప్పివుంటే బాగుండేదో రాయకూడదు. ఏం చెప్పామో, ఏం విన్నామో అదే రాయాలి.

పత్తి చేలకు మందులు కొట్టే నెలల్లో మా అత్యవసర విభాగానికి ఎవరు ఎక్కువగా వస్తారో వరంగల్ చుట్టుపక్కల పనిచేసే వైద్యులందరికీ తెలుసు. ఆ అక్టోబరులో నర్సంపేట వైపు నుంచి 24 ఏళ్ల కౌలు రైతును తెచ్చారు. గడ్డిమందు తాగాడు. దీని క్రూరత్వం ఏమిటంటే మనిషి స్పృహలోనే ఉంటాడు, రెండు మూడు రోజులు మాట్లాడుతూనే ఉంటాడు, బతకాలని ఉందంటాడు, ఇంటివాళ్లు గండం గడిచిందనుకుంటారు. తరువాత ఊపిరితిత్తులు పాడవుతాయి. విరుగుడు లేదు. ఈ పిల్లవాడు కూడా మొదటి మూడు రోజులు హవల్దార్ గారితో ఎడ్ల గురించి, చెల్లెలి చదువు గురించి మాట్లాడాడు. చేసిన పనికి ఏడ్చాడు. ఐదో రోజు మధ్యాహ్నం తల్లి మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లినప్పుడు పోయాడు. హవల్దార్ గారు స్టూలు మీద ఉన్నారు.

ఆయన నివేదికలో ఆ భాగం, అనుమతితో, అక్షరం మార్చకుండా:

తల్లి: సారూ, నా కొడుకు ఏమన్నా అన్నాడా?

నేను: (చాలాసేపు ఊరుకున్నాను. గడియారం చూడలేదు.) ఏమీ అనలేదమ్మా.

తల్లి: నన్ను పిలవలేదా?

నేను: ఊపిరి అందలేదమ్మా. మాట రాలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వదలలేదు.

తల్లి: ఏ చెయ్యి?

నేను: ఇదిగో, ఈ చెయ్యి.

(ఆమె నా కుడిచెయ్యి తీసుకుని ముఖానికి ఆనించుకుంది. ఎంతసేపో రాయలేను.)

నివేదిక చదివినప్పుడు మా బృందంలో ముగ్గురున్నారు. ఒక యువకుడు అడిగాడు, ప్రార్థన చేయలేదా అన్నా అని. “ఆమె అడగలేదు తమ్ముడూ” అన్నారు హవల్దార్ గారు. నేను ఆ చేతి గురించి గానీ, దావీదు గురించి గానీ ఒక్క మాట ఎత్తలేదు. నోటి దాకా వచ్చింది. ఎత్తకపోవడమే ఆ రోజు నేను చేసిన పని.

సమయాలు రాసే ఆయన అలవాటు ఆ సాయంత్రమే అక్కరకొచ్చింది. ఇలాంటి మరణాల్లో పోలీసు కేసు, పంచనామా, ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం అన్నీ ఉంటాయి. చదువురాని కుటుంబం ఆ తిరుగుడులో నలిగిపోతుంది. ఏ కాగితం ఎక్కడుందో, ఎవరి సంతకం మిగిలిందో రాసుకుని, వాహనం దొరికేదాకా రాత్రంతా వాళ్లతో ఉన్నారు. బయలుదేరేముందు ఆ చెల్లెలికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చి, అమ్మ రాత్రిళ్లు లేచి కూర్చుంటే చేయమని చెప్పారు. పదకొండో రోజు ఊరికి వెళ్లి వచ్చారు.

ఇంటి సంగతి

భార్య గురించి రాయకపోతే ఈ కేసు సగమే. పెళ్లయ్యాక ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆమె ఇద్దరు పిల్లలను, అత్తమామలను ఒంటరిగా చూసుకుంది. ఆయన రిటైరయ్యాక బ్యాంకులో చేరతారని ఆశపడింది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో గ్రూప్ సి ఉద్యోగాల్లో 14.5 శాతం మాజీ సైనికులకు ఉంటాయి, వాళ్ల బంధువుల్లో ఒకరు అలాగే చేరారు. మొదటిసారి నేను ఇంటికి వెళ్లినప్పుడు ఆమె టీ ఇచ్చి, గడప దగ్గరే నిలబడి అంది: “సైన్యం అడిగితే ఇచ్చాను అయ్యగారూ. ఇప్పుడు దేవుడు అడుగుతున్నాడంటున్నారు. ఈసారి నేను ఎవరికి చెప్పుకోవాలి?”

ఆమె మాటను ఆటంకంగా చూసే పాస్టర్లు ఉన్నారు. నేను దాన్ని ఈ కేసులో రెండో పిలుపుగా రాసుకున్నాను. ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. వారంలో రెండు రాత్రులే ఆసుపత్రి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో. ఏ నిర్ణయమైనా ఆమె ఉన్నప్పుడే.

జీతం విషయంలో గట్టిగా పట్టుబట్టాను. పెన్షన్ వస్తోంది కదా, సేవగా చేయలేరా అని యాజమాన్యంలో కొందరు అన్నారు. మాజీ సైనికులను ఉచితంగా వాడుకోవడం మన సంఘాల్లో ఒక అలవాటుగా మారుతోంది. పెన్షన్ ఆయన ఇదివరకే చేసిన పనికి వస్తున్న డబ్బు. రెండు నెలలు వాదించాక గౌరవ వేతనం మంజూరైంది. మొదటి నెల డబ్బుతో భార్యకు కుట్టుమిషను కొన్నారు.

అభిషేకం కోరుకునే కుటుంబాలకు ఇంకొక మాట. ఈయన సర్వీసు రికార్డుల్లో మొదటి నుంచీ క్రైస్తవుడనే ఉంది, పిల్లల సర్టిఫికెట్లు ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకు ఉండే బీసీ సీ కిందే ఉన్నాయి, కాబట్టి చిక్కు రాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవారికి ఎస్సీ హోదా ఉండదు. రికార్డుల్లో ఒకటి, జీవితంలో ఒకటి ఉన్న కుటుంబాలు పరిచర్యలోకి వచ్చేముందు దీన్ని పిల్లలతో సహా కూర్చుని మాట్లాడుకోవాలి. మార్గదర్శకుడు దీన్ని ఎత్తడానికి మొహమాటపడకూడదు.

ఇప్పుడు

హవల్దార్ గారు మా దగ్గరకు వచ్చి మూడో ఏడు నడుస్తోంది. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో నాలుగేళ్ల బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టరు చదువు) చేయాలంటే డిగ్రీ కావాలి, ఇల్లు వదలాలి. ఆయన క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్ వారి దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాల డిప్లొమా ఎంచుకున్నారు. అభిషేకం గురించి అడిగితే “ఇప్పుడే కాదు” అంటారు. నేను తొందరపెట్టడం లేదు. ప్రభువు బల్ల దగ్గర సహాయకుడిగా నిలబడమని కాపరి అడిగితే మొదటి ఏడాదంతా ఒప్పుకోలేదు. పోయిన గుడ్ ఫ్రైడే నాడు గిన్నెలు అందించారు. రొట్టె ముట్టుకోలేదు.

నోటు పుస్తకం ఇంకా ఉంది. సమయాలు ఇంకా 24 గంటల లెక్కలోనే రాస్తారు. ‘పూర్తి’ అన్న చోట ఇప్పుడు ఖాళీ వదులుతారు.

శ్రీకాకుళంలో ఉన్న ఆ తల్లికి నిజం చెప్పాలా అని ఆయన నన్ను అడిగారు. చెప్పి తేలికపడేది మీరైతే, మోయాల్సింది ఆమె అయితే ఆలోచించండి అన్నాను. ఆ మాట సరైనదో కాదో నేను ఇంకా తూచుకుంటూనే ఉన్నాను. సంక్రాంతి ముందు ఆయన వరంగల్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లారు. ఆమెకు చూపు మందగించింది. గొంతు గుర్తుపట్టింది. అన్నం పెట్టింది. కొడుకు ఫొటో పక్కన ఆయన కూర్చుంటే, అమ్మా అన్నాడు కదా బాబూ, అని మళ్లీ అడిగింది.

ఆయన ఏమీ అనలేదట. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారట, దీపాలు పెట్టేవేళ దాకా. వచ్చే నెల మళ్లీ వెళ్తానన్నారు. ఈసారి భార్య కూడా వెళ్తోంది.